ఆగస్టు 9కి విశాఖలో ఆదివాసీ కళల పండుగ: పనిచేసినవాళ్లు, ఆడినవాళ్లు, చూసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

ఎంవీపీ_కెరటం
అందరికీ నమస్కారం. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం కదా. ఆ రోజు సాయంత్రం మన ఏజెన్సీ కళలతో విశాఖలో ఒక పండుగ చేద్దామని మా కాలనీవాళ్లం, కొందరు లెక్చరర్లు, ఇక్కడ చదువుకుంటున్న అరకు, పాడేరు పిల్లలు కలిసి అనుకున్నాం. ఏజెన్సీ ఆడవాళ్లు చేతులు కలిపి వరుసగా ఆడే థింసా నృత్య బృందాలు రెండు, మైదాన ప్రాంతం నుంచి తప్పెటగుళ్ల ఆట, కొండ పంటలతో భోజనం. వాలంటీర్ల పని నాకు అప్పగించారు. వినాయక చవితి పందిళ్ల దగ్గర పనిచేసిన అలవాటుంది గానీ ఇలాంటిది ఇదే మొదలు. వేదిక ఎక్కడైతే బాగుంటుంది? బృందాలను ఎలా పిలవాలి? వాన వస్తే ఎలా? తెలిసినవాళ్లు ఏ చిన్న సంగతైనా చెప్పండి.

ఘాట్‌రోడ్డు
తమ్ముడూ, ముందు బృందం సంగతి మాట్లాడుకుందాం. వేదిక తర్వాత చూసుకోవచ్చు.

మాది పాడేరు వైపు పల్లె. మా ఊరి బృందంతో కిందికి చాలాసార్లు వచ్చాను. ఆగస్టంటే మాకు ఊడుపుల కాలం. మెట్టల కింద మళ్లలో వరి నాట్లు పడుతుంటాయి. థింసా ఆడేదీ నాట్లు వేసేదీ ఆ ఆడవాళ్లే. మీరు ఒక సాయంత్రం కోసం పిలిచినా వాళ్లకు రానూపోనూ కలిపి మూడు రోజుల పని పోతుంది. అందుకని పారితోషికం లెక్కవేసేటప్పుడు ఆడిన గంటను చూడొద్దు, ఆ మూడు రోజుల కూలినీ చూడండి. అందులో కొంత ముందే పంపండి. మిగిలింది ఆట అయిపోగానే బృందం మొత్తం కూర్చుని ఉండగా వాళ్ల పెద్దకు ఇవ్వండి. మధ్యలో ఎవరో ఏజెంటు చేతిలో పెడితే చివరికి ఆడినవాళ్లకు ఎంత ముడుతుందో మాకు బాగా తెలుసు.

రెండోది ప్రయాణం. నగరంలో ఒక కార్యక్రమానికి మా వాళ్లను పిలిచారు. ఆట అయ్యాక రాత్రి పదకొండింటికి బస్సెక్కించి పంపేశారు. వానకు ఘాట్ మీద చెట్టు పడింది. చంటిపిల్లల తల్లులతో సహా అందరూ తెల్లవార్లూ ఆ బస్సులోనే కూర్చున్నారు. ఆ తర్వాత ఏడాది మా ఊళ్లో ఎవరూ రామన్నారు. వానాకాలంలో రాత్రి పూట ఘాట్ ఎక్కించకండి. బడో కల్యాణ మండపమో చూసి పడుకునే చోటు ఇవ్వండి. ఆడవాళ్లకు స్నానాల గది, తలుపుకు లోపలి గడియ ఉన్నాయో లేదో మీ వాలంటీరు ఒకరు స్వయంగా వెళ్లి చూసి రావాలి. మర్నాడు టిఫిను పెట్టి, వెలుతురులో పంపండి.

పిలవడానికి ఫోను సరిపోతుందని అనుకోకండి. ఊరికి వెళ్లి, పెద్దమనుషులతో కూర్చుని మాట్లాడి రండి. ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లకు కూడా ఒక మాట చెప్పండి, బృందాల వివరాలు వాళ్ల దగ్గర దొరుకుతాయి.

గంగరావి_చెట్టు
వేదికంటే ఆర్కే బీచే కదండీ! జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. ప్రచారం ఖర్చు కూడా ఉండదు.

మైక్‌సెట్_గాజువాక
బీచ్‌లో జనం వస్తారు, నిజమే. కానీ నేను సౌండ్ పనిచేస్తాను కాబట్టి చెప్తున్నా. ఆగస్టులో సముద్రపు గాలికి మోరి (సన్నాయిలాంటి వాద్యం) ఊదేది పది గజాల అవతల వినపడదు. ఇసకలో అడుగు కూరుకుపోతుంది. థింసాలో అడుగు చప్పుడే తాళం, అది పోతే ఇంకేం మిగిలింది?

గట్టి నేల ఉన్న గ్రౌండు చూడండి. ఏ కాలేజీ గ్రౌండైనా పర్లేదు, నీళ్లు నిలవకపోతే చాలు. నడిమధ్యలో గుండ్రంగా ఖాళీ వదిలి, చుట్టూ మూడు వైపులా రేకుల పందిరి వేయించండి, జనం అక్కడ కూర్చుంటారు. ఆటగాళ్లు తడిస్తే ఏమవుతుందని అడుగుతారేమో. సన్న జల్లుకు వాళ్లు ఆగరు. పెద్ద వానైతే పందిరి కిందికి వస్తారు.

మైకుల గురించి. ఆడేవాళ్ల ఒంటికి కాలర్ మైకులు తగిలించొద్దు, చేతులు వెనక పెనవేసుకుంటారు కాబట్టి ఊడిపోతాయి. వాద్యగాళ్లు నిలబడే చోట రెండు స్టాండు మైకులు చాలు. మోరికి ఒకటి, డప్పు, తుడుములకు కాస్త ఎడంగా ఇంకొకటి. బేస్ పెంచమని కుర్రాళ్లు ఒత్తిడి చేస్తారు, ఒప్పుకోవద్దు. డీజే సౌండుకీ దీనికీ పొత్తు కుదరదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. డప్పు చర్మం వాన తేమకు వదులైపోతుంది. ఆటకు ముందు మంట మీద కాచుకోవాలి. మధ్యలో కూడా ఒకసారి కాచుకుంటారు. ఎండుగడ్డి కొంచెం తెప్పించి, పందిరికి దూరంగా ఒక మూల చోటు పెట్టండి. పక్కనే రెండు బకెట్ల ఇసక, నీళ్లు ఉండాలి. అనుమతి కాగితంలో ఈ చిన్న మంట సంగతి ముందే రాయండి. లేకపోతే సరిగ్గా ఆట మొదలయ్యే వేళకు సెక్యూరిటీవాళ్లు వచ్చి ఆర్పేస్తారు.

రాత్రి పది దాటాక బయట మైకు కుదరదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి. ఆరింటికల్లా మొదలుపెట్టుకోండి.

అడ్డాకు
నేను అరకు అమ్మాయిని, ఇక్కడే పీజీ చదువుతున్నాను. ఘాట్‌రోడ్డు బాబాయ్ చెప్పినవన్నీ నిజం. నాది ఇంకో విన్నపం, యాంకర్ గురించి.

మైకు పట్టుకుని "ఇప్పుడు గిరిజన నృత్యం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వచ్చిన వాళ్లు బగతలా, కొండదొరలా, కోటియాలా, పోర్జాలా, గదబలా, వాల్మీకులా అని ఎవరూ అడగరు. ముందురోజే బృందం దగ్గర కూర్చుని ఊరి పేరు, తెగ పేరు, ఏ థింసా ఆడుతున్నారో అడిగి రాసుకోండి. పలకడం కూడా వాళ్ల దగ్గరే నేర్చుకోండి.

థింసా అంటే ఒక్కటే అనుకుంటారు, కానీ చాలా రకాలున్నాయి. బోడ థింసా ఊరి దేవతకు మొక్కుగా ఆడేది. పోతార్ తోలాలో ఆకులు కోస్తున్నట్టు వంగి లేస్తారు. భాగ్ థింసా పులి బారి నుంచి తప్పించుకోవడం. కుండా థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. చూసేవాళ్లకు ఈ నాలుగు మాటలు ముందే చెబితే వాళ్ల కళ్లు అడుగుల మీదికి వెళ్తాయి. చెప్పకపోతే చీర కట్టు చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

భాషలు కూడా వినిపించండి. గదబల గుతోబు ముండా కుటుంబానికి చెందింది. కువి ద్రావిడ భాష. కోటియాలు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. ఒకే సంతలో ఇన్ని భాషలు వినపడతాయి మా దగ్గర. ప్రతి బృందం నుంచి ఒకరు తమ భాషలో రెండు నిమిషాలు పలకరిస్తే, పక్కన మాలాంటి పిల్లలం తెలుగులో చెప్తాం. ఈ పనికి నేను వస్తాను.

సిరిపురం_రావు
అంతా బాగుంది. కానీ ఒక్కో బృందానికి ఐదు నిమిషాలు పెట్టుకుంటే ఎక్కువమందిని పిలవొచ్చు కదా? జనానికీ విసుగు రాదు. గురజాడ కళాక్షేత్రం లాంటి హాలు తీసుకుంటే వాన బెంగా ఉండదు.

ఘాట్‌రోడ్డు
రావుగారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. ఐదు నిమిషాల్లో థింసా వేడెక్కదు. మొదట నెమ్మదిగా అడుగు పడుతుంది, వరుస కుదురుకుంటుంది, మోరి ఊదేవాడు వాళ్ల ముఖాలు చూసి వేగం పెంచుతాడు. వరుస వంకర తిరిగి, ముడుచుకుని, మళ్లీ విచ్చుకుంటుంది. అసలు ఆట అప్పుడు మొదలవుతుంది. మీ గంట అప్పటికే మోగిపోతుంది. పదిహేను ఇరవై మంది వరుసకు హాలు స్టేజీ చాలదు, చివరి ఇద్దరు తెర వెనకే ఆడాల్సి వస్తుంది. కళాక్షేత్రం నాటకానికి, పాటకచేరీకి చక్కటి చోటు. దీనికి నేల కావాలి. రెండు బృందాలు చాలు, ఒక్కొక్కరికి ముప్పావు గంట ఇవ్వండి.

సిరిపురం_రావు
వరుస చివరివాళ్లు తెర వెనక ఆడటం నేనూ చూశాను, ఇప్పుడు గుర్తొచ్చింది. సరే, గ్రౌండే మంచిది. హాలును వానకు ప్రత్యామ్నాయంగా కూడా పెట్టుకోవద్దు, పందిరినే పెద్దది చేయించండి.

గుల్లు_గజ్జె_భీమిలి
మేం తప్పెటగుళ్లవాళ్లం. గొల్లల ఆట మాది, గంగమ్మ తల్లికి వానల కోసం ఆడేవారు మా పెద్దలు. మమ్మల్ని థింసాతో కలిపి పిలుస్తున్నందుకు సంతోషం. కొండా మైదానం ఒక దగ్గర ఆడటం అరుదు.

మా సంగతులు రెండు. గుల్లు గుండె మీద కట్టుకుని అరచేతులతో వాయిస్తాం, గజ్జెలు కాళ్లకు. గెంతులు, మనిషి మీద మనిషి నిలబడటం ఉంటాయి. కాబట్టి నేల తడిగా ఉంటే మాకు ప్రమాదం, థింసావాళ్లలా కాదు. మా ఆట ముందు పెట్టండి, జల్లు మొదలయ్యే లోపు. ఒక లోడు ఇసక, రంపపు పొట్టు దగ్గర ఉంచితే తడిచోట చల్లుకోవచ్చు. ఆటకు ముందు బిర్యానీ పెట్టొద్దు బాబూ, కడుపు నిండితే గెంతలేం. మజ్జిగ, అరటిపళ్లు చాలు. భోజనం తర్వాత.

మా బృందంలో ఇప్పుడు ఇంటర్ చదివే గుంటలు నలుగురు ఉన్నారు. వాళ్ల ఫ్రెండ్స్ చూడటానికి వస్తారు. ముందు వరుసలో వాళ్లకు చోటివ్వండి, ఇంకో నలుగురు నేర్చుకుంటారు.

చోడి_అంబలి
భోజనం కమిటీలో పనిచేశాను కాబట్టి ఇది నా వంతు.

అందరూ బొంగులో చికెన్ పెట్టండి అంటారు. పెట్టండి గానీ వందలమందికి అవుతుందని మాత్రం అనుకోవద్దు. పచ్చి వెదురు కావాలి, ఎండుదైతే పగిలి కాలిపోతుంది. నూనె లేకుండా మసాలా పట్టించి, కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ ఉండాలి. చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. రుచి చూడటానికి కొద్దిగా పెట్టి, అసలు భోజనం సామ అన్నం, పప్పు, ఆకుకూర, మొక్కజొన్న, చోడి (రాగి) అంబలితో సాగించండి. అంబలి ముందురోజు రాత్రే కాచి పులవబెట్టుకోవాలి, లేకపోతే ఆ రుచి రాదు. పెద్ద కుండలో పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పక్కన పెడితే వానలో తడిసి వచ్చినవాళ్లు వదలరు.

విస్తర్లు అడ్డాకులవి ఏజెన్సీ నుంచే తెప్పించండి. వాటిని కుట్టే ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి, నగరంలో ప్లాస్టిక్ నిషేధం గొడవా ఉండదు. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది, 1956 నుంచి నడుస్తున్న సంస్థ. కాఫీ, తేనె స్టాలు కోసం వాళ్లను అడగండి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సంగతి బోర్డు మీద రాసి పెడితే బాగుంటుంది. పసుపు, పిప్పళ్లు, చిరుధాన్యాలు పండించినవాళ్లే తెచ్చి అమ్ముకునేలా నాలుగు బల్లలు ఉచితంగా ఇవ్వండి. స్టాలుకు అద్దె పెట్టారా, ఇక వ్యాపారులే వస్తారు.

భోజనం బంతిలో ఆటవాళ్లను చివర కూర్చోబెట్టకండి. మొదటి బంతి వాళ్లదే.

మధురవాడ_అమ్మ
నేను నిర్వాహకురాలిని కాదు, చూడటానికి వెళ్లినదాన్ని. కిందటేడు ఒక చోట థింసా చూశాం. చివర్లో ఆ అక్కలు చూసేవాళ్లను కూడా రమ్మన్నారు. మా అమ్మాయి పదో తరగతి, సిగ్గరి. ఎలా వెళ్లిందో వెళ్లింది. పక్కనున్న పెద్దావిడ దాని చేతిని తన నడుం వెనకగా తీసుకుని పట్టుకుంది. నాలుగైదు చుట్లు తప్పటడుగులే. తర్వాత మడమ ఎప్పుడు లేపాలో తెలిసిపోయింది. ఆవిడ మాట దీనికి రాదు, దీని మాట ఆవిడకు అంతంతమాత్రం. అయినా ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక మా హాల్లో ఆ అడుగే. ఇప్పుడు అరకు వెళ్లి గిరిజన మ్యూజియం చూడాలంటోంది. కిరండూల్ రైలుకు టికెట్లు తీశాం.

అందుకని అడుగుతున్నా, ఆ కలిసి ఆడే సమయం తప్పకుండా పెట్టండి. టైము అయిపోయిందని కోసేయకండి.

అడ్డాకు
అమ్మా, చదువుతుంటే చాలా సంతోషమేసింది. ఒక్క మాట: వచ్చి కలిసేవాళ్లు వరుస మధ్యలో దూరకుండా తోక చివర చేరాలి. మధ్యలో చేరితే పట్టు తెగి అందరి అడుగూ పోతుంది. చెప్పులు తీసేయాలి. ఫోను పట్టుకుని ఆడకూడదు, రెండు చేతులూ కావాలి! ఇది యాంకర్ ముందే చెబితే సరిపోతుంది. ఫొటోలు తీసేవాళ్లు కూడా గుండ్రం బయటే ఉండాలి, దగ్గరగా తీయాలనుకుంటే అడిగి తీయాలి.

ఎంవీపీ_కెరటం
ఇంత వివరంగా చెప్పినందుకు మీ అందరికీ చేతులెత్తి దండం. గ్రౌండు కోసం రేపే వెళ్తున్నాం. ఘాట్‌రోడ్డు అన్నా, ఈ ఆదివారం మేం నలుగురం పాడేరు వస్తాం, మీ ఊరి పెద్దలతో మాట్లాడించండి. ఒక్కటే చిక్కు మిగిలింది. అతిథులు, ప్రసంగాలు. పిలవకపోతే బాగుండదు, పిలిస్తే ఆరింటికి మొదలవ్వాల్సింది ఎనిమిదవుతుంది. ఎవరైనా దీన్ని ఎలా నెట్టుకొచ్చారు?

మైక్‌సెట్_గాజువాక
ప్రసంగాలన్నీ పొద్దున పెట్టేయండి, చిన్న హాల్లో సభగా. అటవీ హక్కులు, చదువులు, ఆసుపత్రులు, మాట్లాడాల్సినవి చాలానే ఉన్నాయి. వాటికి తగిన సమయమూ దొరుకుతుంది. ఆదివాసీ పెద్దలనే ముఖ్య అతిథులుగా కూర్చోబెట్టండి. సాయంత్రం గ్రౌండులో మైకు వాద్యాలకూ అడ్డాకు చెల్లెమ్మకూ మాత్రమే. ఎవరైనా పెద్దలు వస్తే ముందు వరుసలో కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టండి. ఆహ్వానపత్రంలోనే ఇలా అచ్చు వేయిస్తే ఎవరూ నొచ్చుకోరు.

ఘాట్‌రోడ్డు
రండి తమ్ముడూ. ఆదివారం పొద్దున్నే బయలుదేరండి, మధ్యాహ్నం అయితే ఘాట్ మీద వాన పట్టుకుంటుంది. భోజనం మా ఇంట్లోనే.

గుల్లు_గజ్జె_భీమిలి
పాడేరు కారులో ఒక చోటుంటే నేనూ వస్తాను. థింసా వాద్యగాళ్లను కలిసి, చివర్లో మా గుల్లూ వాళ్ల తుడుమూ ఒకసారి కలిపి వాయించి చూద్దామా అని అడగాలనుంది.