ఆన్‌లైన్ మధ్యవర్తిత్వం: కుటుంబ, భూమి తగాదాల్లో మీ అనుభవాలు చెప్పగలరు

నీలగిరి వాసి:
మా చెల్లెలు వేసిన మనోవర్తి కేసును కోర్టు మధ్యవర్తిత్వానికి పంపింది. ఆమె భర్త దుబాయిలో ఉన్నందున కూర్చోవడమంతా వీడియో ద్వారానే జరుగుతుందని చెప్పారు. ఇంతకుముందు ఊళ్లో పెద్దమనుషుల ముందు పంచాయితీ అయింది, కాగితం కూడా రాసుకున్నాం, కానీ అది నిలవలేదు. ఇదీ అలాంటిదేనా? వెళ్లివచ్చినవారు ఉన్నదున్నట్లు చెప్పగలరు.

పాలమూరు వకీలు:
పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ అసలైన తేడా తీర్పు దగ్గర ఉంది. మీడియేటర్ తీర్పు చెప్పరు, తప్పెవరిదో తేల్చరు. సాధారణంగా 40 గంటల శిక్షణ పొందిన సీనియర్ న్యాయవాదో, విశ్రాంత న్యాయమూర్తో అయి ఉంటారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్, 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 9వ సెక్షన్ రాజీ ప్రయత్నానికి దారి చూపుతున్నాయి. మొదట ఇరుపక్షాలనూ కలిపి కూర్చోబెడతారు, తరువాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. విడిగా చెప్పిన మాటను మీ అనుమతి లేకుండా అవతలివారికి చెప్పకూడదు, అక్కడ అన్నదేదీ రేపు కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు. కాబట్టి ఫోనులో రికార్డు చేసే ఆలోచన ఇరుపక్షాలూ మానుకోవాలి.

దేవరకొండ ఆడపడుచు:
నాకు ఎదురైన పెద్ద ఇబ్బంది నెట్‌వర్క్ కాదు. తెర వెనుక ఎవరు కూర్చున్నారన్నదే అసలు సమస్య. నేను ఏది అడిగినా అవతల ఆయన ఒక్క క్షణం పక్కకు చూసి, ఆ తరువాతే జవాబు చెప్పేవారు. ఈ మాట నేను విడిగా మాట్లాడినప్పుడు చెప్పగానే, మీడియేటర్ గారు ఇద్దరినీ ఫోను తిప్పి గది మొత్తం చూపించమన్నారు. అక్కడ ఆయన అన్నా వదినా ఉన్నారు. వారిని బయటకు పంపిన తరువాతే మాట ముందుకు సాగింది. మీ చెల్లెలి విషయంలో కూడా, మీకు ఎంత ప్రేమ ఉన్నా, ఆ గదిలో మీరు ఉండకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక రెండో సంగతి రాత. బాబును "పండుగలకు తండ్రి దగ్గరకు పంపాలి" అని మొదట రాశారు. ఏ పండుగ, ఎన్ని రోజులు, ఎవరు తీసుకువెళ్లాలి, ఎక్కడ అప్పగించాలి అని మీడియేటర్ గారే ప్రశ్నలు వేసి, దసరా సెలవుల్లో సగం అనీ, నల్లగొండ బస్టాండులో మేనమామ సమక్షంలో అప్పగించాలనీ మార్పించారు. పెట్టిన బంగారం విషయంలోనూ అంతే: తులాలు, వస్తువు పేరు, తిరిగి ఇచ్చే తేదీ వేరువేరుగా రాయించుకున్నాను.

మిర్యాలగూడ సందేహి:
ఇది కాలం గడపడానికి వాడుకునేవారూ ఉన్నారు. మా బంధువుల కేసులో అవతలివారు ప్రతి వాయిదాకూ లింకు తెరుచుకోలేదనేవారు. చివరకు కుదరలేదు. అప్పటిదాకా ఆమె చేతికి పైసా రాలేదు.

పాలమూరు వకీలు:
ఆ అనుమానం సరైనదే. అందుకే మధ్యవర్తిత్వం నడుస్తున్నదన్న కారణంతో మధ్యంతర మనోవర్తి, అంటే కేసు తేలేలోపు ఇచ్చే మనోవర్తి, అడగడం ఆపవద్దు, డబ్బు చేతికి రాకముందు పిటిషన్ ఉపసంహరించుకోవద్దు. రాజీ కుదరకపోతే మీడియేటర్ కోర్టుకు "కుదరలేదు" అని మాత్రమే తెలియజేస్తారు. ఎవరు మొండికేశారో రాయరు, కేసు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నడుస్తుంది.

కుదిరితే ఆ ఒప్పందాన్ని కోర్టు నమోదు చేసి ఉత్తర్వు ఇస్తుంది. దానిని అమలు చేయించుకోవచ్చు. ఊళ్లో రాసుకున్న కాగితానికి ఆ బలం లేదు. విడాకులకే ఒప్పుకుంటే పరస్పర అంగీకార పిటిషన్‌లో ఆరు నెలలు వేచి ఉండాల్సిన గడువు ఉంటుంది. అయితే ఏడాదిన్నరగా విడిగా ఉంటూ, మనోవర్తి, పిల్లల సంగతులు తేలిపోయి, ఇక కలిసే అవకాశం లేనప్పుడు ఆ గడువును కోర్టు సడలించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో మధ్యవర్తిత్వం ముగించడానికి 120 రోజుల గడువు, మరో 60 రోజుల పొడిగింపు ఉన్నాయి కానీ, ఆ ఏడాది అక్టోబరు 9న కొన్ని సెక్షన్లే అమలులోకి వచ్చాయి. కనుక మీ కేసుకు వర్తించే గడువు కోర్టు ఉత్తర్వులో చూసుకోండి.

జడ్చర్ల రైతుబిడ్డ:
మాది అన్నదమ్ముల పంపకాల కేసు. తమ్ముడు పుణెలో ఉంటాడు, వాయిదాకు రావాలంటే కూలి పోతుంది. అతడికి వీడియో ఎంతో మేలు చేసింది. అయితే భూమి తగాదా తెర మీద పూర్తిగా తెగదు. ఎవరికి ఎన్ని ఎకరాలన్నది తొందరగానే తేలింది. ఒకే బోరు మీద ముగ్గురి వంతులు, కరెంటు బిల్లు, వెనుక మడికి ఎడ్లబండి పోయే బాట, ఇవి మాత్రం నక్షా చూపిస్తూ ఎంత మాట్లాడినా అర్థం కాలేదు. చివరకు సర్వేయరుతో గెట్ల మీద నిలబడి కొలిపించుకుని, ఆ కొలతలతో మళ్లీ తెర ముందు కూర్చున్నాం. మోటారు కాలిపోతే బాగు ఖర్చు ఎవరు పెట్టాలో కూడా రాయించండి, గొడవ మళ్లీ అక్కడే మొదలవుతుంది.

పాలమూరు వకీలు:
ఒక చేర్పు. దావాలో లేని భూమిని కూడా రాజీలో కలిపితే, కోర్టు డిక్రీ ఉన్నా ఆ భాగానికి రిజిస్ట్రేషన్ అవసరమవుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు దావాలోని ఆస్తికే. పాస్‌బుక్కులో పేరు మారేవరకు పని పూర్తయినట్లు కాదు.

నీలగిరి వాసి:
అందరికీ కృతజ్ఞతలు. మా చెల్లెలు ఆయన ముఖం చూసి మాట్లాడటానికి భయపడుతోంది. ఒప్పందం కుదిరితే ఆయన సంతకం ఎలా?

దేవరకొండ ఆడపడుచు:
ఆ భయాన్ని మొదటి రోజే మీడియేటర్‌కు చెప్పమనండి. ఎదురెదురు పెట్టకుండా విడివిడిగానే మాట్లాడమని అడగవచ్చు, వద్దనుకుంటే మధ్యలో ఆపేయమనవచ్చు. కొట్టిన, బెదిరించిన చరిత్ర ఉంటే రాజీకి తలవంచనక్కరలేదు. ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేయవచ్చు.

పాలమూరు వకీలు:
సంతకం పద్ధతి ముందుగానే కోర్టులో అడిగి తెలుసుకోండి. ఆయన తరఫున ఇక్కడ ఎవరైనా సంతకం చేయాలంటే, దుబాయిలోని భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన అధికార పత్రం కావాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు చేయించాలి. పత్రంలో "కేసు నడపడానికి" అని మాత్రమే ఉంటే చాలదు, "రాజీ పడటానికి" అన్న అధికారం స్పష్టంగా ఉందో లేదో చదివి చూసుకోండి.