1919లో బ్రిటన్ కోకో పునరెగుమతి: ‘నిషేధం’ అని ఉన్నా లెక్కల్లో ఎగుమతి ఎలా కనిపిస్తోంది?

ప్రశ్న: 1918 నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది కదా. దిగుమతైన కోకో గింజల్ని బ్రిటన్ నుంచి మళ్ళీ బయటికి పంపాలంటే 1919లో కూడా లైసెన్సు ఎందుకు? ఉత్తర్వుల్లో నిషేధం అంటారు, వాణిజ్య లెక్కల్లో పునరెగుమతి అంకెలుంటాయి. ప్రాజెక్టులో ఏది రాయాలి?

జవాబు: రెండూ నిజమేనండి. ఆ ఉత్తర్వుల్లో నిషేధమంటే లైసెన్సు లేకుండా పంపకూడదని అర్థం. సరుకు పేరు పక్కన ఉన్న అక్షరం చూడండి. ‘ఎ’ అయితే అన్ని గమ్యాలకూ లైసెన్సు కావాలి. ‘బి’ అయితే బ్రిటిష్ సామ్రాజ్యం దాటితే కావాలి. ‘సి’ ముఖ్యంగా యూరప్, మధ్యధరా, నల్లసముద్ర తీరాల విదేశాలకు. అందులో ఫ్రాన్స్, ఇటలీ లాంటి కొన్నింటికి మినహాయింపు. ఒకే సరుకు ఒక జాబితాలోంచి మరో జాబితాలోకి మారుతుండేది. అందుకే లండన్ గెజిట్‌లో (బ్రిటన్ ప్రభుత్వ రాజపత్రం) ఆ ఉత్తర్వు తేదీ పట్టుకోకుండా ఏమీ రాయొద్దు.

ఇక కారణం. తుపాకులు ఆగినా, జర్మనీకి సముద్రం మీదుగా సరుకు చేరకుండా మిత్రపక్షాలు పెట్టిన దిగ్బంధం ఆగలేదు. యుద్ధ విరమణ ఒప్పందం 26వ నిబంధనే దాన్ని కొనసాగించింది, 1919 జులై 12న గానీ ఎత్తెయ్యలేదు. యుద్ధానికి ముందు జర్మనీ రేవు హాంబర్గ్ పెద్ద కోకో మార్కెట్. పొట్టు తీసిన గింజ బరువులో సగానికి పైగా కొవ్వే, జర్మనీలో అప్పుడు కొవ్వుకు కటకట. హాలెండ్‌కో డెన్మార్క్‌కో వెళ్ళిన బస్తా అక్కడే ఆగుతుందన్న నమ్మకం ఏముంది? జులై తర్వాతి పత్రాలకు మాత్రం ఈ కారణం అతికించకండి.

ఇంకో జవాబు: అంకెల దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. హండ్రెడ్‌వెయిట్ అంటే వంద పౌండ్లు కాదు, 112. అంటే 50.8 కిలోలు, మన పాత మద్రాసు మణుగుల్లో నాలుగున్నర. అలాంటివి 20 అయితే టన్ను, 1,016 కిలోలు. దిగుమతి విలువలో ఓడ కిరాయి, బీమా కలిసి ఉంటాయి, పునరెగుమతి విలువ రేవు దగ్గరిది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి లాభం అనొద్దు; బరువులు మాత్రమే పోల్చండి. బాండు కింద, అంటే సుంకం కట్టకుండా కస్టమ్స్ అదుపులోనే, ఓడ మారిన సరుకు వేరే పట్టికలో ఉంటుంది, దాన్ని పునరెగుమతిలో కలపకూడదు.

సుంకం కూడా చూడండి. 1919 సెప్టెంబరు నుంచి పచ్చి (వేయించని) కోకోకు హండ్రెడ్‌వెయిట్‌కు 42 షిల్లింగులు (20 షిల్లింగులు ఒక పౌండు), గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) లాంటి సామ్రాజ్య సరుకుకు అందులో ఆరోవంతు తగ్గించి 35. వెయ్యి హండ్రెడ్‌వెయిట్లు బ్రిటన్‌లోనే వాడకానికి విడిపిస్తే 2,100 పౌండ్ల బదులు 1,750 పౌండ్లు కట్టాలి. బాండు గోదాములోంచే బయటికి పంపితే సుంకమే లేదు. లైసెన్సు రాకపోతే వ్యాపారి సరుకు అక్కడే కూర్చుంటుంది, గోదాము అద్దె మాత్రం పెరుగుతుంది. తేమ 8 శాతం దాటితే గింజకు బూజు పడుతుంది. పైకి బాగానే ఉంటుంది, నిలువుగా కోస్తే లోపల తెల్లటి నూలులా కనిపిస్తుంది. ఏలూరు వైపు కోకో రైతులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: హాలెండ్‌కు వెళ్ళిందని ఉంటే హాలెండ్‌లోనే వాడారని రాయొచ్చా?

జవాబు: రాయకండి. పట్టికలో ఉండేది సరుకు ఎవరికి పంపారో ఆ దేశం పేరు. ‘హాలెండ్‌కు పంపినది’ అని రాసి, డచ్చివాళ్ళ సొంత ఎగుమతి లెక్క పక్కన పెట్టండి. రెండింట్లోనూ నెల, బరువు కొలత ఒకటేనో కాదో ముందు సరిచూసుకోండి.