షుయ్‌మో: నీటిమరా, నీటినునుపా?

ఖున్‌చ్యూ అనే చైనా నాటక సంగీతం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. దాని గానానికి 'షుయ్‌మో' బాణీ అని పేరట. షుయ్ అంటే నీరు, మో అంటే తిరగలి అని నిఘంటువులో చూసి 'నీటిమర బాణీ' అని రాశాను. మర తిరిగినట్టు పాట సాగుతుందనా? తెలిసినవారు చెప్పగలరు.

— నీటిమర తీసెయ్యండమ్మా. అక్షరం ఒకటే, పలుకు వేరు. 'మో'ను స్వరం దించి పలికితే తిరగలి, పైకెత్తి పలికితే రుద్దడం, అరగదీయడం. ఇక్కడ రెండోదే. తూర్పు చైనాలోని సూజౌ నగరపు వడ్రంగులు గట్టి కలప బల్లలనూ కుర్చీలనూ నీళ్ళతో తడుపుతూ, గరుకు కాడల మొక్క ఒకటుంది, దానితో రుద్ది రుద్ది అద్దంలా తేల్చేవారు. ఆ పనితనం పేరే పాటకు వచ్చిందంటారు. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి మెత్తదనంతో పోల్చేవారూ ఉన్నారు. ఎటు చూసినా తడి, ఓపిక, నునుపు.

సూజౌ పక్కనే ఖున్‌షాన్, ఖున్‌చ్యూ పుట్టిన ఊరు. అక్కడి బాణీ యువాన్ రాజవంశం కాలం చివరినాటికే, అంటే 14వ శతాబ్దానికే, ఉందని చెబుతారు. 16వ శతాబ్దంలో, తర్వాతి మింగ్ రాజవంశం ఏలుబడిలో, దగ్గర్లోని థాయ్‌త్సాంగ్ ఊళ్ళో స్థిరపడ్డ సంగీతకారుడు వెయ్ ల్యాంగ్‌ఫూ దానికి కొత్త రూపమిచ్చాడు. పదేళ్ళు మేడ దిగకుండా సాధన చేశాడని కథ. ఉత్తరాది పాటలూ మూడు తీగల సాన్‌ష్యెన్ వాద్యమూ బాగా తెలిసిన జాంగ్ యెథాంగ్ ఆయనకు తోడయ్యాడు, అల్లుడూ అయ్యాడు. మాట స్పష్టంగా, బాణీ శుద్ధంగా, తాళం తప్పకుండా ఉండాలన్నది వెయ్ పట్టుదల.

ఆ నునుపు ఎక్కడుందో ఒక్క మాటలో చూడండి. ఆకాశానికి చైనీస్‌లో 'థియెన్'. గాయకుడు దాన్ని గబుక్కున అనేయడు. 'థి' అని అందుకుని, 'యె' మీద నిలిచి, చివరికి 'న్'లోకి మెల్లగా దించుతాడు. వీటిని తల, కడుపు, తోక అంటారు. మాటకు సహజంగా ఉన్న ఎత్తుపల్లాలను బట్టే రాగం నడవాలి. పక్కనే వెదురు వేణువు 'దీ' ఊదుతుంటుంది. దాని ఒక రంధ్రం మీద అతికించిన రెల్లు పొర వల్ల ఆ నాదంలో సన్నని జీర వస్తుంది. మన పద్యనాటకంలో పద్యం అయ్యాక ఆలాపన అందుకుంటారు. అక్కడ మాటే ఆలాపన అవుతుంది. నాకు ఖున్‌చ్యూలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

— బాబాయ్ గారూ, మరి 'షుయ్‌మో ఛ్యాంగ్' అన్నప్పుడు 'ఛ్యాంగ్' అంటే బాణీయేనా? ఫలానా వాడి ఛ్యాంగ్ అని యాసకూ వాడటం విన్నాను.

— రెండూనమ్మా. దక్షిణాదిన అప్పట్లో పేరున్న నాలుగు ఛ్యాంగ్‌లూ ఊళ్ళ పేర్లవే: హాయ్‌యాన్, యుయావ్, యీయాంగ్, ఖున్‌షాన్. ఊరు మారితే పలుకు మారుతుంది, పలుకు మారితే పాట మారుతుంది. అందుకే ఒకే మాట. పాట గురించైతే 'బాణీ' అనండి.

— అలాగైతే 'రుబ్బిన బాణీ' అనొచ్చా?

— అర్థం దగ్గరే గానీ తెలుగులో అది వంటింట్లోకి పోతుంది. 'సానపట్టిన' అంటే పదును గుర్తొస్తుంది, ఇక్కడ పదును లేదు. నేనైతే 'నీటినునుపు బాణీ' అని రాసి, మొదటిసారి వచ్చినచోట ఆ వడ్రంగి పని ఒక్క వాక్యంలో చెబుతాను. 2001లో యునెస్కో తొలిసారి ప్రకటించిన వారసత్వ కళల జాబితాలో కేరళ కూడియాట్టంతో పాటు ఖున్‌చ్యూ కూడా ఉంది. వీలుంటే అదీ చేర్చండి.