సమస్యాపూరణం: కృష్ణ తెల్లనయ్యెఁ గృష్ణ యయ్యు

ప్రాశ్నికుడు, నల్లగొండ:
ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. దాని ముందు మూడు పాదాలు మీరు రాయాలి.

కృష్ణ తెల్లనయ్యెఁ గృష్ణ యయ్యు

నల్లనిది నల్లగానే ఉండి తెల్లబడిందని పైకి కనిపించే అర్థం. అది ఎట్లా పొసగుతుందో మీరే చెప్పాలి. కృష్ణ శబ్దం మొదట విశేషణం, పేరు కావడం ఆ తర్వాతి సంగతి. ఆ మాట గుర్తుంచుకుని పూరించండి.

మిర్యాలగూడ సభ్యుడు:
సాగరమ్ము నిండి జలములు పొంగగాఁ
దలుపు లెత్తఁ దూకి తరఁగ లుబికి
పాలపొంగు వోలెఁ బైకెగసిన వేళ
కృష్ణ తెల్లనయ్యెఁ గృష్ణ యయ్యు

ప్రాశ్నికుడు:
సాగర్ ఎడమ కాల్వ కింద ఉన్నవారి నుంచి నది వస్తుందని అనుకున్నదే, బాగా వచ్చింది. నాగార్జునసాగర్ 26 క్రస్ట్ గేట్లనూ పైకే ఎత్తుతారు కాబట్టి ‘తలుపు లెత్త’ సరిగ్గా అతికింది. ‘తెఱవ’ అని ఉంటే ఇంత బాగుండేది కాదు. ఒక్కటే లోపం. ‘సాగరమ్ము’ అంటే మన జిల్లా వాళ్ళకి డ్యామే, బయటివాళ్ళకి మాత్రం సముద్రం.

దేవరకొండ సభ్యుడు:
వెన్నకుండఁ బగులవేసిన తఱిఁ జింది
మేను తడిసి తడిసి మీఁగడయ్యె
నందగోప సుతుఁడు నల్లని వన్నె మా
కృష్ణ తెల్లనయ్యెఁ గృష్ణ యయ్యు

ప్రాశ్నికుడు:
గణాలు, యతులు అన్నీ కుదిరాయి. ఊహ ముచ్చటగా ఉంది. కాని పద్యం నిలవదు. సంస్కృతంలో పుంలింగం కృష్ణః, స్త్రీలింగం కృష్ణా, నపుంసకం కృష్ణమ్. తెలుగులోకి వచ్చేటప్పుడు పురుషుడికి డుజ్ అనే ప్రత్యయం చేరి ‘కృష్ణుఁడు’ అవుతాడు. రమా ‘రమ’ అయినట్టే స్త్రీలింగం కృష్ణా కూడా పొట్టిదై ‘కృష్ణ’ అవుతుంది. సమాసంలో మాత్రం దీర్ఘం నిలుస్తుంది, అందుకే కృష్ణానది అంటాం. కాబట్టి ఈ పాదంలో ప్రథమా విభక్తిలో ఉన్న ‘కృష్ణ’ ఆడదే అయి ఉండాలి. నది కావచ్చు, ద్రౌపది కావచ్చు, సంస్కృతంలో స్త్రీలింగమైన ఇంకేదైనా కావచ్చు. యశోద కొడుకు మాత్రం కాలేడు.

దేవరకొండ సభ్యుడు:
మరి మా వాడలో ‘కృష్ణ వచ్చిండు’ అని రోజూ అంటం కద సారూ?

ప్రాశ్నికుడు:
అంటాం, అందులో తప్పేమీ లేదు. కాని అరసున్నలు, సరళాదేశాలు (‘కృష్ణ’ ‘గృష్ణ’ కావడం వంటివి) పాటించే పద్యంలో ఆ ఒక్కచోట వాడుక రూపం పెడితే కాలికి రాయి తగిలినట్టే ఉంటుంది. మీ ఊహను వదులుకోవద్దు, మూడో పాదం మార్చి చూడండి.

నందగోపతనయ! నాఁడు నీదు తనువు

ఇప్పుడు మొదటి ‘కృష్ణ’ సంబోధన. రెండోది తనువుకు విశేషణం. సంస్కృతంలో ‘తనుః’ స్త్రీలింగం కాబట్టి కృష్ణా తనుః అని లింగం సరిపోతుంది. ఇక రెండో పాదంలో మేను, మూడో పాదంలో తనువు ఉండి చెప్పిందే చెప్పినట్టయింది. అది మీరే దిద్దుకోండి.

కొల్లాపూర్ సభ్యురాలు:
అసలు ఆ మాట ఎట్లా పుట్టింది సార్? లాగడం, దున్నడం అనే అర్థమున్న ‘కృష్’ ధాతువుకి నలుపుతో ఏం పని? భూమిని, ఆనందాన్ని కలిపి చెప్పే వ్యుత్పత్తి ఒకటి విన్నాను.

ప్రాశ్నికుడు:
మీరు విన్నది భారతం ఉద్యోగపర్వంలోది. కృషి అంటే భూమి, ణ అంటే ఆనందం, రెండూ కలిసినవాడు కృష్ణుడని అక్కడ ఉంది. అది దేవుడి నామానికి భక్తితో చెప్పిన నిర్వచనం. వ్యాకరణం దారి వేరు. ధాతువుల నుంచి మాటలు ఎట్లా పుడతాయో చెప్పే ఉణాది సూత్రాల్లో ‘కృషేర్వర్ణే’ అనేది కృష్ ధాతువుకి రంగు అనే అర్థంలో ‘నక్’ ప్రత్యయం చేరుస్తుంది. ఆ ప్రత్యయం చివరి క వల్ల ధాతువుకి గుణం రాదు, అంటే ఋ ‘అర్’గా మారదు కాబట్టి ‘కర్ష్ణ’ కాలేదు. ముందున్న ష వల్ల న కాస్తా ణ అయింది. దున్నడానికీ నలుపుకీ సంబంధమేమిటో సూత్రం చెప్పదు, దాన్ని లాగి అతికించనవసరం లేదని నా అభిప్రాయం.

రంగుల మాటలన్నీ ఒకే తీరుగా స్త్రీలింగమవ్వవు. రోహిత శబ్దం రోహిణీ అవుతుంది, హరిత హరిణీ అవుతుంది. ఉపధలో, అంటే చివరి అచ్చుకు ముందు, త ఉండి, చివరి అచ్చు అనుదాత్తమైన (తగ్గించి పలికే) రంగుమాటలకు పాణిని చెప్పిన మార్పు అది. కృష్ణకు ఆ రెండూ లేవు, మామూలుగా ‘ఆ’ చేరి కృష్ణా అవుతుంది. వేదంలో ‘కృష్ణ’ శబ్దానికి ఉదాత్త స్వరం (ఎత్తి పలకడం) చివర ఉంటే నలుపు, మొదట ఉంటే జింక. కృష్ణాజినం ఆ జింక తోలే. మన ‘నల్ల’కి ఈ బాధ ఏదీ లేదు, ఆవుకైనా ఎద్దుకైనా గుడ్డకైనా నల్లే.

దామరచర్ల సభ్యుడు:
జూదమందు నోడి చూచుచు నుండంగఁ
బతులు, సభను నీడ్చు పాపి నరసి
మొగము వెలవెలఁబడి మూఁగయై నిలువంగ
కృష్ణ తెల్లనయ్యెఁ గృష్ణ యయ్యు

ప్రాశ్నికుడు:
ఒంటిచాయను బట్టి ద్రౌపదికి వచ్చిన పేరు కృష్ణ. ఆమె మొగం తెల్లబోవడం సమస్యకు చక్కగా సరిపోయింది. కాని ‘మూఁగయై’ నాకు నచ్చలేదు. ఆ సభలో నోరు విప్పింది ఆమే. ధర్మరాజు తన్ను ఓడి నన్ను ఓడాడా, నన్ను ఓడి తన్ను ఓడాడా అని అడిగితే పెద్దలకే జవాబు లేకపోయింది. ‘మొక్కవోకడుగంగ’ (వెనుదీయక అడగగా) అనండి, గణమూ యతీ కూడా నిలుస్తాయి.

మునుగోడు సభ్యురాలు:
రేగడి చెలకందు రెమ్మరెమ్మకుఁ గాచి
పత్తికాయ పగిలి పరచుకొనఁగ
నేరు కూలితల్లు లేగిన వేకువ
కృష్ణ తెల్లనయ్యెఁ గృష్ణ యయ్యు

ప్రాశ్నికుడు:
ఈ వారం నా మనసుకు దగ్గరైన పూరణ ఇది. కృష్ణా భూమిః, నల్లనేల. విశేష్యం చెప్పకుండానే విశేషణం నిలబడింది. పైన పత్తి తెల్లబడ్డా కింద మన్ను నల్లగానే ఉంది కాబట్టి ‘కృష్ణ యయ్యు’ అక్షరాలా నిజం. అయితే మన దగ్గర చెలక అంటే ఎర్రనేల కదమ్మా! రేగడి, చెలక ఒక్కచోట ఉండవు. ‘రేగడి పొలమందు’ అంటే చాలు.

గద్వాల సభ్యుడు:
బహుళ తదియ రాత్రి పండు వెన్నెల గాయఁ
దాటిమట్టలందుఁ దళుకు మెఱయ
చీఁకటి తొలఁగంగఁ జెఱువుగట్టునఁ దోఁచి
కృష్ణ తెల్లనయ్యెఁ గృష్ణ యయ్యు

మునుగోడు సభ్యురాలు:
చెలక సంగతి నిజమే సార్, మార్చుకున్నాను. గద్వాల అన్నగారూ, రాత్రిని వట్టి ‘కృష్ణ’ అనొచ్చా?

ప్రాశ్నికుడు:
అనొచ్చు, చాలా పాత ఆధారమే ఉంది. ఋగ్వేదం మొదటి మండలం 113వ సూక్తంలో ఉషస్సు వస్తుంటే చోటు విడిచి వెళ్ళే రాత్రిని ‘కృష్ణా’ అనే అన్నారు. ఆరో మండలం 9వ సూక్తంలో రాత్రినే నల్లని పగలు అన్నారు. అక్కడ అహః నపుంసకం కాబట్టి ‘కృష్ణమ్’ అయింది. గద్వాల వారి పద్యంలో ‘రాత్రి’ మొదటి పాదంలోనే ఉంది, అన్వయానికి ఇబ్బంది లేదు. బహుళ తదియ కృష్ణపక్షంలోదే కనుక ‘కృష్ణ యయ్యు’కి రెండో సమర్థన కూడా దొరికింది.