అమ్మ జ్ఞాపకార్థ కూడికలో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి?

చిన్నకూతురు:
అందరికీ వందనాలు. మా అమ్మ ప్రభువునందు నిద్రించింది. వచ్చే వారం జ్ఞాపకార్థ కూడిక, కుటుంబం తరఫున నన్నే మాట్లాడమన్నారు. రాయడానికి కూర్చుంటే "ప్రార్థనాపరురాలు, సహనం గల భార్య, ప్రేమగల తల్లి" దగ్గరే ఆగిపోతున్నాను. అవన్నీ నిజమే, కానీ ఎవరి అమ్మ గురించైనా అవే చెప్తారు కదా, అందులో మా అమ్మ కనబడటం లేదు.

అమ్మకి కోపం ఎక్కువ. మా మీద అరిచేది, మళ్ళీ ఆ రాత్రే వచ్చి పక్కన కూర్చుని "తప్పు నాదే, క్షమించు" అనేది. పిల్లల్ని అలా క్షమాపణ అడిగే పెద్దవాళ్ళని నేను ఇంకెక్కడా చూడలేదు. ఇంకో విషయం, అన్నయ్య తర్వాత పుట్టిన పాప చనిపోయినప్పుడు అమ్మ చాలాకాలం ప్రార్థన చేయలేకపోయిందట. చర్చికి వెళ్ళేది, కూర్చునేది, నోరు మాత్రం విప్పేది కాదు. నేను బాగా కుంగిపోయి ఉన్న రోజుల్లో తనే నాకు ఇది చెప్పింది. అన్నయ్యేమో ఇవన్నీ చెప్తే అమ్మ సాక్ష్యం, అంటే విశ్వాసిగా ఆమె బతికి చూపించింది, పాడవుతుంది, బైబిల్లో మంచి భార్య గురించి ఉన్న సామెతలు 31వ అధ్యాయం చదివి నాలుగు మంచి మాటలు చెప్పు చాలు అంటున్నాడు. ఇవి తీసేస్తే ఆమె విశ్వాసం గురించి నా దగ్గర చెప్పడానికి ఏం మిగులుతుంది? టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు.

సంఘపెద్ద:
అమ్మా, దేవుడు మిమ్మల్ని ఆదరించును గాక. సామెతలు 31 తప్పకుండా చదవండి, కానీ ఒకసారి నెమ్మదిగా చదివి చూడండి. 10 నుంచి 31 వరకు 22 వచనాలు, హెబ్రీ అక్షరమాలలో ఒక్కో అక్షరంతో ఒక్కో వచనం మొదలవుతుంది, అంత శ్రద్ధగా కట్టిన పద్యం. అందులో ఆ స్త్రీని పొగిడే మాటలు లేకపోలేదు, కానీ ఎక్కువ భాగం ఆమె చేసిన పనులే. గొర్రెబొచ్చు వెదకడం, చీకటితోనే లేవడం, పొలం చూసి కొనడం, బీదలకి చేయి చాపడం. పైగా ఆ అధ్యాయం మొదలయ్యేదే లెమూయేలు రాజుకి వాళ్ళమ్మ నేర్పిన మాటలు అని.

బైబిల్లోనే అపొస్తలుల కార్యములు 9లో దొర్కా అనే విశ్వాసురాలి సంగతి కూడా అంతే. యొప్పే పట్టణంలో ఆమె చనిపోతే యేసు శిష్యుడు పేతురు వచ్చేసరికి విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు తీసి చూపించారు. నేను చాలా కూడికలు నడిపించాను, గుణాల జాబితా చదివినవేవీ నాకు గుర్తులేవు. ఒకామె వాళ్ళ అమ్మ చేతివ్రాతతో ఉన్న ప్రార్థన పుస్తకం తెచ్చి అందులో ఒక్క పేజీ చదివింది, అది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను. మీ అమ్మగారు రాత్రి వచ్చి క్షమించమని అడిగిన సంగతి ఖచ్చితంగా చెప్పండి. అది ఆమె సాక్ష్యాన్ని పాడుచేయదు, అసలు ఆమె సాక్ష్యమే అది.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను కొంచెం అన్నయ్యగారి వైపు. కోపం సంగతి చెప్పండి, పర్వాలేదు. పాప సంగతి మాత్రం వేరు. ఆ బిడ్డ మీ నాన్నగారికి కూడా బిడ్డే, ఆయన ముందు వరసలో కూర్చుని ఉంటారు. ఎప్పుడూ బయట చెప్పుకోని దుఃఖాన్ని అందరి ముందు విప్పితే ఆయన తట్టుకోగలరా? అమ్మగారు దాన్ని మీకొక్కరికే చెప్పారో, సంఘంలో ఇంకెవరికైనా చెప్పారో కనుక్కోండి. కేవలం మీ కోసం చెప్పి ఉంటే అది మీ దగ్గరే ఉండనివ్వచ్చు.

భార్యను పోగొట్టుకున్నవాడిని:
పై సిస్టర్ చెప్పింది నిజం, ముందు నాన్నగారిని అడగండి. కానీ అడగకుండానే వద్దనుకోకండి. నా భార్య వెళ్ళిపోయాక అందరూ పిల్లల్ని అడిగారు, పాస్టరుగారిని అడిగారు, ఆమె గురించి నన్ను ఒక్క ప్రశ్న కూడా ఎవరూ వేయలేదు. పిల్లలకి తెలిసింది అమ్మ, ఆ మనిషి భార్యగా ఎలా ఉండేదో నాకొక్కడికే తెలుసు. ఆయన దగ్గర కూర్చుని అడిగితే మీకు తెలియనివి బోలెడు చెప్తారు.

అన్నయ్యగారి భయం గురించి ఒక మాట. తొలి శతాబ్దాల క్రైస్తవ బిషప్పు అగస్టీను తన తల్లి మోనికా గురించి రాసింది చదివి చూడండి. ఆమె 387లో ఓస్తియాలో చనిపోయింది. ఆయన క్రీస్తు వైపు మారాలని ఏళ్ళ తరబడి కన్నీళ్ళతో ప్రార్థించిన తల్లి, ఆమె మీద ఆయనకి ఎంత గౌరవమో చెప్పలేం. అయినా ఆమె చిన్నప్పుడు దొంగతనంగా ద్రాక్షారసం తాగడం అలవాటు చేసుకున్న సంగతి, దాసీ దెప్పిపొడిస్తే సిగ్గుపడి మానేసిన సంగతి, భర్త కోపిష్ఠి అన్న సంగతి, అన్నీ రాశాడు. అవి చదివాక కూడా ఆమె ఎవరికీ చిన్నగా కనబడలేదు. సమాధి దగ్గర కన్నీళ్ళు బలవంతంగా ఆపుకున్నాననీ, తర్వాత ఒంటరిగా ఏడ్చాననీ కూడా రాసుకున్నాడు. కాబట్టి మాట్లాడుతూ ఏడుపొస్తే ఆపుకోవద్దమ్మా.

ఇక ప్రార్థన చేయలేకపోవడం అవిశ్వాసం కాదు. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది, దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. నోరు రాకపోయినా మీ అమ్మగారు వెళ్ళి కూర్చున్నారు చూడండి, ఆ పరిస్థితిలో నేనైతే గడప కూడా దాటలేకపోయాను.

చిన్నకూతురు:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి నాన్నని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "చెప్పు, కానీ పాప పేరు కూడా చెప్పు, ఆ పేరు పెట్టింది మీ అమ్మే" అన్నారు. నాకు ఇంతవరకు ఆ పేరే తెలియదు. ఆ రోజుల్లో అమ్మ పాడలేకపోతే తను పక్కన కూర్చుని ఇద్దరి బదులూ పాడేవాడినని కూడా చెప్పారు, అది కూడా రాసుకున్నాను. అన్నయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, రాసింది చదివాక చెప్తానన్నాడు. ఎంతసేపు మాట్లాడితే బాగుంటుంది?

సంఘపెద్ద:
ఐదారు నిమిషాలు చాలమ్మా. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో వద్దు, కన్నీళ్ళొస్తే తెర మీద అక్షరాలు కనబడవు. ఒక కాపీ అన్నయ్యకివ్వండి. మీ గొంతు ఆగిపోతే అక్కడి నుంచి ఆయన చదువుతారు, ముందే మాట్లాడుకోండి. కూడిక ఏ రోజో చెప్పండి, మీ ఇంటివాళ్ళందరి కోసం ప్రార్థిస్తాం.