కుటుంబాలకు సహకారం నేర్పవలసింది పోటీలతోనా, కలిసి చేసే పనితోనా?

జడ్చర్ల నుంచి ఒక సండే స్కూల్ టీచరు:
అందరికీ వందనాలు. మా సంఘంలో ఏటా క్రిస్మస్‌కు ముందు కంఠత వాక్యాల పోటీ, బైబిల్ క్విజ్ పెట్టి బహుమతులు ఇస్తాం. ఈసారి వాటి బదులు ఇంటిల్లిపాదీ కలిసి చేసే పనులు పెడదామని అడిగితే పెద్దలు ఒప్పుకోలేదు. మీరేమంటారు?

మిర్యాలగూడ నుంచి ఒక సంఘ పెద్ద:
అమ్మా, పెద్దల మాటలో న్యాయం ఉంది. పోటీ ఉన్నందుకే మా పిల్లలు కీర్తనలు నోటికి నేర్చుకున్నారు. ఆటలు, వంటలు ఎక్కడైనా ఉంటాయి; సంఘం ఉన్నది వాక్యం కోసం. సహకారమంటారా, అది ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన దగ్గర మొదలుకావాలి.

దేవరకొండ నుంచి ఒక సభ్యుడు:
అన్నగారూ, వాక్యం నోటికి రావాలన్న మాటను నేను కాదనను. అయితే మీరు పనిని వాక్యానికి బయట పెట్టారు, నా అభ్యంతరం అక్కడే. బైబిల్లో నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం తీసి చూడండి. యెరూషలేము గోడ 52 దినాలలో పూర్తయినా, ఎవరు ముందు ముగించారన్న లెక్క అందులో లేదు; ఎవరిని ఆనుకొని ఎవరు బాగుచేశారన్నదే వరుసగా ఉంది. కొందరు తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగాన్నే కట్టుకున్నారు. షల్లూము అనే అధిపతితో పాటు అతని కుమార్తెలూ పనిచేశారని 12వ వచనం చెబుతుంది. పనికి ఒప్పుకోని తెకోవ ఊరి అధికారుల సంగతీ దాచలేదు.

మరి సంఘమంతా కలిసి భోంచేసే మన ప్రేమ విందులో జరిగేదేమిటి? స్త్రీలు పొయ్యి దగ్గర, మగవాళ్లం కుర్చీలలో. మూడేళ్ల క్రితం మా పాస్టరు గారు ఒక్కో కుటుంబానికి, తండ్రితో సహా, ఒక్కో పని అప్పగించారు. ముంబయిలో కట్టడం పనికి పోయి పండుగకు మాత్రమే వచ్చే ఒక తండ్రికి, ఎనిమిదేళ్ల అతని కూతురికి ఎల్లిగడ్డ పొట్టు తీసే పని వచ్చింది. మొదట ఇద్దరూ చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. సిమెంటుకు పగిలిన ఆయన వేళ్లకు పాయ చిక్కడం లేదని చూసి, ఆ పిల్ల దగ్గరకు జరిగి, పాయలను చేటలో పోసి అరచేతితో రుద్ది, పొట్టు ఊది చూపింది. ఆ తరువాత ఆయన రుద్దుతుంటే ఆమె ఊదింది. మాట్లాడుకున్నది తక్కువే, కానీ భోజనానికి ఆ పిల్ల ఆయన పక్కనే కూర్చుంది. వలస పోయే మా ఇళ్లలో కుటుంబ ప్రార్థనకు కూర్చునే ముందు, ఆ ఇద్దరూ ఒకరికొకరు అలవాటు పడవద్దా? ఒక్క మాట: ఎవరు బాగా చేశారని బహుమతి పెడితే అది మళ్లీ పోటీయే అవుతుంది.

మిర్యాలగూడ సంఘ పెద్ద:
వలస ఇళ్ల సంగతి నేను ఆలోచించలేదు, తమ్ముడూ. అయినా ఒకటి అడుగుతాను. మా సంఘంలో భర్త పోయిన స్త్రీలు, ఒంటరి ముసలమ్మలు ఉన్నారు. "కుటుంబాలుగా రండి" అని పిలిస్తే వాళ్లు గడప దగ్గరే ఆగిపోరా?

జడ్చర్ల టీచరు:
ఆగిపోతారు, అయ్యగారూ, అది నిజం. అందుకే ఇంటింటికీ విడిగా కాకుండా, ఒంటరిగా ఉన్నవారిని పక్క ఇంటికి ఆనించి, రెండు మూడు ఇళ్లకు కలిపి ఒక పని ఇస్తాం. కంఠత వాక్యాలను వదలం. ముసలమ్మ మొదలుపెట్టిన కీర్తనను ఆ ఇళ్ల పిల్లలు అందుకొని ముగిస్తారు, బహుమతి ఉండదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మా పెద్దలను ఈ విధంగా మళ్లీ అడుగుతాను.