చివరికి చిరునామాగా మారే మకుటం

అమెరికా నల్లజాతి కవి, గాయకుడు గిల్ స్కాట్-హెరన్ కవిత "వైటీ ఆన్ ద మూన్"లో మళ్లీ మళ్లీ వచ్చే "తెల్లోడు చంద్రుడి మీదున్నాడు" అనే ముక్కని మనం పల్లవి అనాలా, మకుటం అనాలా? నా ఓటు మకుటానికే.

వాషింగ్టన్‌లో వ్యాక్స్ మ్యూజియం అనే నైట్‌క్లబ్‌లో ఆయన చేసిన కచేరీని 1982లో 'బ్లాక్ వ్యాక్స్' పేరుతో డాక్యుమెంటరీగా తీశారు. పాటల మధ్య ఆయన కవితలు కూడా చదువుతాడు, వాటిలో ఇదొకటి. చంద్రుడి మీద మొదట దిగిన ఆర్మ్‌స్ట్రాంగ్ మైనపు బొమ్మ కూడా ఆ సినిమాలో కనిపిస్తుంది!

కవిత 1970 నాటి ఆల్బమ్‌లోది. అంతకు ముందు ఏడాదే మనిషి చంద్రుడి మీద దిగాడు. చెల్లెల్ని ఎలుక కరిచింది, తెల్లోడేమో చంద్రుడి మీదున్నాడు. మొహం, చేతులు వాచాయి, తెల్లోడు చంద్రుడి మీదున్నాడు. డాక్టర్ బిల్లు కట్టలేం, అద్దె పెరిగింది, వేణ్ణీళ్లు లేవు, లైట్లు లేవు. ప్రతి కష్టం వెనకాలా అదే మాట.

మన శతకాల్లో మకుటం ఎక్కువగా సంబోధన. "వినురవేమ", "శ్రీకాళహస్తీశ్వరా" అని మొదటి పద్యం నుంచే ఎవరినో పిలుస్తుంది. ఇక్కడ చాలాసేపు ఎవరినీ పిలవదు, ఊరికే పక్కన నిలబడి ఉంటుంది. తర్వాత విభక్తి మారుతుంది. పోయినేడు నేను సంపాదించిందంతా చంద్రుడి మీదున్న తెల్లోడి కోసమేనా, అని అడుగుతాడు. అక్కడ ఆ మాట కారణమైపోయింది. ఆఖర్న ఈ డాక్టర్ బిల్లులన్నీ ఎయిర్‌మెయిల్‌లో పంపిస్తానంటాడు, ఎవరికి? చంద్రుడి మీదున్న తెల్లోడికి. అప్పటిదాకా మకుటంగా ఉన్నది కవరు మీద రాసే చిరునామా అయింది. ఒక్క ప్రత్యయంతో ఇంత పని చేయించడం నన్ను కట్టిపడేసింది.

దీనికి ఎవరైనా ఇలా అడ్డు చెప్పొచ్చు:

— ఆల్బమ్‌లో డోలు దరువు మీద చెప్తాడు కదండీ, వింటే పల్లవిలాగే ఉంటుంది.

— చెవికి అలా ఉంటుందండీ, ఒప్పుకుంటాను. కానీ పల్లవి చరణం ముగిశాక విడిగా వస్తుంది, దాన్ని తీసేసినా చరణానికి అర్థం ఉంటుంది. ఇక్కడ ఆ ముక్క తీసేసి చదవండి. ఎలుక కరిచింది, అద్దె పెరిగింది, అంతే, కష్టాల చిట్టా మిగులుతుంది. బిల్లులు ఎవరికి పంపాలో కూడా తెలియదు.